పడవలో వదిన

మాచర్ల,
12 మే 2024.

ధరణికి వదిన దీవెనలు.

ఇక్కడ ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. రెంటచింతల నుంచి బట్టలు కొనడానికొచ్చినవాళ్ళు మాచర్లే చల్లగా ఉందంటున్నారంటే అక్కడెట్లా ఉందో చూసుకో. మీ అన్నయ్యగారు మధ్యాహ్నం పూట కొట్టు షట్టరు సగం దించి చీరల బేళ్ళ మీదే పడుకుంటున్నారు.

అసలు విషయానికొస్తాను. మొన్న సత్తెనపల్లి పెళ్ళికి నువ్వు రాలేదు, తమ్ముడొక్కడే వచ్చాడు. భోజనాల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నా ఎదురుగ్గా కూర్చుని నీ గురించి మాట్లాడుకున్నారు. నాకు వినపడదు గదా అని వాళ్ళ ధైర్యం. పెదాలు కనపడుతున్నాయని గుర్తులేదు. నువ్వు మనిషివి ఇంతకింత లావయ్యావంట. రోజూ మన మిర్చి కోల్డ్ స్టోరేజీలోకి పోయి తలుపులేసుకుని గంటసేపు ఉంటున్నావంట. "మొగుడూ పెళ్ళాలకి పడట్లేదు, ఏదో జబ్బు కూడా ఉంది" అని ఒకామె తేల్చేసింది. నేను తమ్ముణ్ణి పట్టుకుని "ఏందిరా భానూ ఇది" అని అడిగితే మొహం పక్కకి తిప్పుకుని మాట్లాడాడు. మొహం తిప్పితే నాకు మాట అందదని వాడికి పదేళ్ళుగా తెలుసు.

ఫోను చెయ్యొద్దు. చెవి మిషను గుయ్యిమనడం తప్ప మాట పట్టుకోదు. వీడియోలో నీ బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, పెదాలు దొరకవు. వాట్సాప్‌లో నువ్వు రెండు ముక్కలు పెడితే మిగతాది నేను ఊహించుకుని నిద్ర చెడగొట్టుకుంటాను. నింపాదిగా ఉత్తరం రాయి. నా తమ్ముడిదే తప్పయితే అదే రాయి. వాణ్ణి నేను వెనకేసుకురాను.

నీ వదిన,
సుభాషిణి


నరసరావుపేట,
20 మే 2024.

వదినగారికి ధరణి నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తరవాత సిగ్గుపడ్డాను. ఈ మాట మీకు నేనే ముందు చెప్పాల్సింది. ఆయనకీ నాకూ గొడవేమీ లేదు. జబ్బూ లేదు. లావవుతున్న మాట నిజం. కావాలనే అవుతున్నాను.

డిసెంబరులో నేను ఒక సరస్సులో ఈదబోతున్నాను. నైనిటాల్ దాటాక కొండల మధ్య ఉంటుంది. ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ రెండుసార్లు పోయి రావాలి, అంతా కలిపి అయిదు కిలోమీటర్లు. అప్పుడా నీళ్ళు పది పన్నెండు డిగ్రీలుంటాయి. ఒళ్ళంతా కప్పే రబ్బరు సూటు వేసుకోనివ్వరు. మామూలు ఈత బట్టలు, టోపీ, కళ్ళద్దాలు, అంతే. ఒంట్లో కొవ్వు లేకపోతే చలికి ఆగలేమని నేర్పే ఆవిడ చెప్పింది. గుడ్లు తినమంది. మనింట్లో గుడ్డు వాసన వస్తే ఏమవుతుందో మీకు తెలుసు కనక సున్నుండలూ, నెయ్యీ, వేరుశనగపప్పూ తింటున్నాను.

మన నరసరావుపేటలో మే నెలలో చల్లటి నీళ్ళెక్కడ దొరుకుతాయి? అందుకే కోల్డ్ స్టోరేజీ. మిర్చి టిక్కీ బస్తాలు పేర్చే గది బయట, ఆ చలి తగిలే వరండాలో పెద్ద తొట్టి పెట్టించాను. మొదటిరోజు దిగగానే ఊపిరి అందలేదు. గుండెని ఎవరో పిడికిట్లో పట్టుకున్నట్టయింది. పైగా మిర్చి ఘాటుకి తుమ్ములు. మిషన్లు చూసే ఆసిఫ్ తలుపు దగ్గర స్టూలేసుకుని కూర్చుని "అమ్మా, ఇంక లేవండి" అని అంటూనే ఉంటాడు. ఇప్పుడు ఇరవై నిమిషాలు ఉండగలుగుతున్నాను.

నలభై ఆరేళ్ళప్పుడు ఇదేం పిచ్చి అంటారు. పెళ్ళికి ముందు నేను యూనివర్సిటీ తరఫున ఈదేదాన్నని మీకు తెలుసు. అది ఆగిపోయిందని నేనెప్పుడూ ఏడవలేదు. కానీ పోయినేడు పుట్టింటికి పోయినప్పుడు కాలవలో దిగాను. తల నీళ్ళలో ముంచగానే బుర్రలో ఉన్న చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. అంత హాయి నాకు మరెక్కడా దొరకలేదు. ఇంకేం చెప్పాలో తెలియడంలేదు.

ఆయన అవుననలేదు, కాదనలేదు. మీకు చెప్పడానికి జంకారు.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

ధరణి


మాచర్ల,
2 జూన్ 2024.

ధరణికి,

నీ ఉత్తరం అందింది. చప్పుళ్ళన్నీ ఆగిపోతే హాయిగా ఉంటుందని రాశావు. నన్నడిగితే చెప్పేదాన్ని గదా. పదేళ్ళుగా నాకు ఆగిపోయే ఉన్నాయి. కొట్టులో గిరాకీ ఏమడిగిందో అందక ఎర్రచీర బదులు పచ్చచీర తీసి, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఎంత హాయో నీకేం తెలుసు. నువ్వు నెయ్యి తిని, ఐసులో కూర్చుని కొనుక్కుంటున్నది నాకు ఊరికే వచ్చింది.

నీళ్ళంటే నాకు పిల్లప్పటినుంచీ భయం. ఎత్తిపోతల జలపాతం చూడ్డానికి పోయినప్పుడు కింద మొసళ్ళున్నాయని చెబితే రైలింగు దగ్గరికి కూడా పోలేదు. నువ్వు చెప్పే కొండల నీళ్ళలో మొసళ్ళు లేకపోవచ్చు. చలి ఉంది. మనిషిని చంపడానికి అది చాలదా?

ఆ తొట్టి తీసెయ్యమని తమ్ముడికి విడిగా రాస్తున్నాను. వాడు నా మాట కాదనడు. నీకు కోపం వస్తే రానీ.

సుభాషిణి


నరసరావుపేట,
9 జులై 2024.

వదినగారికి,

మీ తమ్ముడు మీ ఉత్తరం జేబులో పెట్టుకుని పోయి, తొట్టిలో నీళ్ళు తనే పారబోసి, దాన్ని తీయించేశారు. నాకు కోపం వచ్చింది. అందుకే ఇన్నాళ్ళు రాయలేదు.

ముందు ఒక మాట. చప్పుళ్ళ గురించి రాసినప్పుడు మీరు గుర్తుకు రాలేదు. రావాల్సింది. నాకు కావలసినప్పుడు ఆపుకుని, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకునేదాన్ని, ఆ వీల్లేని మీకు రాశాను. క్షమించమని అడుగుతున్నాను.

కానీ మానలేదు. ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించుకుని ఇంట్లోనే పెరటి గదిలో డ్రమ్ములో కూర్చున్నాను. ఆదివారాలు దైద పోయి కృష్ణలో ఈదుతున్నాను. అక్కడ నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, దూరం అలవాటు కావడానికి.

రెండు వారాల కిందట ఒకటి జరిగింది. ఆయన మీకు చెప్పకముందే నేనే చెబుతాను. డ్రమ్ములో ఉండగా ఆయన వచ్చి "బీరువా తాళాలెక్కడ" అని అడిగారు. దేవుడి గదిలో ఉన్నాయని చెప్పాను. ఆయన మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పాను, వినపడట్లేదా అని విసుక్కున్నాను కూడా. నిజానికి నా నోట్లోంచి మాటే రాలేదట. నాలిక మడతపడి ఏదో ముద్ద ముద్దగా వచ్చిందట. ఆయన నన్ను ఎత్తుకుపోయి మంచమ్మీద వేసి, దొరికిన దుప్పట్లన్నీ కప్పి, పక్కన కూర్చుని ఏడ్చారు. నేను మాత్రం బాగానే ఉన్నాననుకున్నాను. వదినగారూ, నన్ను భయపెట్టింది చలి కాదు, ఆ అనుకోవడం.

అందుకే ఈ ఈతల్లో ఒక నియమం ఉంది. ఈదేవాళ్ళ పక్కన పడవలో వాళ్ళ మనిషి ఒకరు ఉండాలి. మధ్యమధ్యలో ఆపి ప్రశ్న అడగాలి. జవాబు తప్పయినా, మాట ముద్దగా వచ్చినా పైకి తీసెయ్యాలి. మీ తమ్ముడు ఆ పని చెయ్యలేరు. నేను కాస్త వణికినా తీసేస్తారు. ఇంకెవరన్నా అంటే, పడవ మోటారు చప్పుడులో, గాలిలో నా మాట వాళ్ళకి అందదు.

మీకు చెవితో పని లేదు. ఎవరి పెదాలు తడబడినా మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నన్ను పొమ్మని చెప్పమనట్లేదు. పోతే మీరు నా పడవలో కూర్చుంటారా అని అడుగుతున్నాను.

ధరణి


మాచర్ల,
21 జులై 2024.

ధరణికి,

నీ ఉత్తరం చదివి మండిపడ్డాను. నా లోపాన్ని నీ పనికి వాడుకుంటున్నావనిపించింది. మీ అన్నయ్యగారు కాగితం లాక్కుని చదివి, నా ఎదురుగ్గా నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పారు. "అది అడిగింది నీ కళ్ళు. చెవుల మాట ఎత్తింది నువ్వు. కొట్టులో నీకు అందని మాట గురించే ఏడుస్తావు, మాకెవరికీ అందనిది నీకు అందుతుందని ఒకరు గుర్తించారు, దానికీ ఏడుస్తావా?"

ఆయన అంత పొడుగు మాట్లాడి చానా కాలమైంది.

ఒప్పుకున్నానని అనుకోవద్దు. ఆగస్టులో ఒక ఆదివారం దైద వస్తాను. పడవ ఎక్కగలనో లేదో ముందు చూసుకోవాలి. నువ్వు నీళ్ళలో ఉండగా మాట్లాడితే నాకు అందుతుందో లేదో చూడాలి. ఆ తరవాత చెబుతాను. అప్పటిదాకా ఇంట్లో ఒక్కదానివీ ఆ డ్రమ్ములో కూర్చోకు. ఇది నా మాట.

సుభాషిణి


మాచర్ల,
26 ఆగస్టు 2024.

ధరణికి వదిన దీవెనలు.

ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా నొప్పులు. పడవ అంచు అంత గట్టిగా పట్టుకున్నానేమో, అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా ఎక్కాను గదా.

నిన్ను అట్లా నేనెప్పుడూ చూడలేదు. పాతికేళ్ళుగా మనింట్లో వంగి వడ్డించే మనిషినే చూశాను. నీళ్ళలో నీ చెయ్యి లేచి పడుతుంటే ఆ మనిషి ఈ మనిషి కాదనిపించింది. గట్టు మీద తమ్ముడు నీ వైపు చూడలేక, అన్నిసార్లూ నా మొహమే చూశాడు, నువ్వు బాగున్నావో లేదో నా మొహంలో తెలుసుకుందామని. గట్టెక్కాక నేను దగ్గరికి పోయి చెప్పాను, "ఒరేయ్, దీన్ని ఆపడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. జాగ్రత్తగా పంపిద్దాం." వాడు తలూపాడు. తొట్టి మళ్ళీ పెట్టిస్తానన్నాడు.

ఇక నా షరతులు. ప్రశ్న నేను పెడతాను. నరసరావుపేట నుంచి మా ఇంటికొచ్చే దారిలో ఊళ్ళు వరసగా చెప్పాలి. నకరికల్లు, పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల, మాచర్ల. ఈ పేర్లు పెదాల మీద నాకు బాగా తెలుస్తాయి. ఏ ఒక్కటి తప్పినా, వరస మారినా, నేను ఎక్కమన్నప్పుడు ఎక్కాలి. వాదన లేదు. అవతల ఎవరేమన్నా నా మాటే చెల్లాలి. ఇది ఒప్పుకుంటూ రెండు ముక్కలు రాయి.

సుభాషిణి


నరసరావుపేట,
1 సెప్టెంబరు 2024.

వదినగారికి,

ఒప్పుకుంటున్నాను. మీరు ఎక్కమంటే ఎక్కుతాను.

తొట్టి వచ్చింది. ఆసిఫ్ ఇప్పుడు మీ ప్రశ్నే అడుగుతున్నాడు. గురజాల దగ్గర తడబడితే చాలు, స్టూలు మీంచి లేచి నిలబడుతున్నాడు.

మీకు మంచి ఉన్ని కోటు ఒకటి తీసుకున్నాను. మాచర్లలో అది తొడిగి చూసుకోవద్దు, ఉడికిపోతారు.

ధరణి


మాచర్ల,
29 డిసెంబరు 2024.

ధరణికి,

రైల్లో వస్తున్నంతసేపూ నువ్వు కిటికీ వైపు తిరిగే కూర్చున్నావు. ఇంటికొచ్చి వారమైనా ఒక్క ముక్క లేదు. ఆ రోజు సంగతి నీకు సరిగ్గా గుర్తులేదని తమ్ముడు మెసేజి పెట్టాడు. గుర్తులేని మనిషికి ఎవరో ఒకరు జరిగింది జరిగినట్టు చెప్పాలి. కాబట్టి రాస్తున్నాను.

పొద్దున నీళ్ళ మీద పొగలాగా మంచు లేచింది. నువ్వు దిగి ఒక్క క్షణం ఆగి, నాకేసి చూసి, బయల్దేరావు. మొదటి రెండు విడతలు దైదలో ఎట్లా ఈదావో అట్లాగే ఈదావు. అడిగినప్పుడల్లా ఊళ్ళు చెప్పావు. మూడో విడతలో నీ చెయ్యి నీళ్ళలో పడేటప్పుడు వేళ్ళు విచ్చుకుని పడ్డాయి. ఆపి అడిగాను. నెమ్మదిగా చెప్పావు, వరస తప్పలేదు. వదిలేశాను.

ఆఖరి విడత. బయల్దేరిన గట్టు మీద జనం చప్పట్లు కొడుతున్నారు, చేతులు కనపడుతున్నాయి. తమ్ముడు దుప్పట్లు పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చేశాడు. నేను ఆపి అడిగాను. నువ్వు నకరికల్లు అన్నావు, పిడుగురాళ్ళ అన్నావు, గురజాల అన్నావు. తరవాత మళ్ళీ పిడుగురాళ్ళ. మళ్ళీ పిడుగురాళ్ళ. పెదాలు దగ్గరికొచ్చి, అతుక్కుపోయి, విడివడలేక విడివడుతున్నాయి. మాచర్ల దాకా రాలేదు నువ్వు.

పడవలో ఉన్న పరిశీలకురాలు, ఆ హిందీ పిల్ల, నువ్వు బొటనవేలు ఎత్తి చూపించావని సంతోషపడింది. నాకూ బొటనవేలు ఎత్తి చూపించింది. నేను కాదని తలూపాను. ఆ పిల్ల ఒడ్డు చూపించింది, ఇంతే దూరం అన్నట్టు. నేను పడవాడి భుజం పట్టుకుని నిన్ను లాగమన్నాను. మేం నీ చంకల కింద చేతులు వేస్తే నువ్వు తన్నావు. నా మణికట్టు మీద నీ గోళ్ళ గీతలు ఇంకా మానలేదు.

గుడారంలో పడుకోబెట్టి, వేడినీళ్ళ సీసాలు పెట్టాక నువ్వు కళ్ళు తెరిచావు. నన్ను చూసి ఒక మాటన్నావు. "వినపడనిదానివి, నీకేం తెలుసని తీయించావు?" పాతికేళ్ళలో నన్ను "నువ్వు" అనడం అదే మొదటిసారి. ఆ మాట మాత్రం నీ పెదాల మీద చానా స్పష్టంగా వచ్చింది. అందుకే ఇప్పుడు నాకు తెల్లారగట్లనే మెలకువ వస్తోంది. అంత స్పష్టంగా మాట్లాడగలిగిన మనిషిని తొందరపడి తీయించానా? గెలిచే మనిషిని నా భయంతో ఓడించానా? పడుకున్న మనిషిని కాదు, నీళ్ళలో మనిషిని చూసే తీయించాను. అయినా ఆ అనుమానం పోవట్లేదు.

సుభాషిణి


మాచర్ల,
24 జనవరి 2025.

ధరణికి,

నెల దగ్గరపడుతోంది. కోపం ఉంటే కోపమని రాయి. తిట్టాలనుంటే తిట్టు. మొహం తిప్పుకుంటే మాత్రం నాకు ఏదీ అందదు.

సుభాషిణి


నరసరావుపేట,
16 ఫిబ్రవరి 2025.

వదినగారికి ధరణి నమస్కారాలు.

నా అక్షరాలు చూసి ఎవరో పిల్లలు రాశారనుకోకండి. మొన్నటిదాకా కుడిచేతి మూడు వేళ్ళు నావి కావన్నట్టు ఉన్నాయి. చలికి నరాలు మొద్దుబారాయని, వస్తాయని డాక్టరు చెప్పాడు. పెన్ను పట్టుకుంటే జారిపోయేది. చొక్కా గుండీ పెట్టలేకపోయేదాన్ని. మీ తమ్ముడు నేను చెబితే రాస్తానన్నారు. మీకు రాయాల్సింది ఇంకొకరి చేత్తో రాయించడం నాకిష్టం లేకపోయింది. ఈ సంగతి మీకు మెసేజి పెట్టమని చెప్పాను. ఆయన "ధరణి తరవాత రాస్తుంది" అని మాత్రం పెట్టారట, వేళ్ళ సంగతి తెలిస్తే మీరు బాధపడతారని. చూశారా, మీ ఇద్దరికీ ఒకటే బుద్ధి.

కోపం కూడా ఉంది. దాచను. మొదట్లో మీ ఉత్తరం చదివి పక్కన పడేశాను. నాకు గుర్తున్నది వేరు. నేను ఊళ్ళన్నీ చెప్పాను. మాచర్ల కూడా చెప్పాను. మీరు చూడలేదు. ఇప్పటికీ నా బుర్రలో అట్లాగే ఉంది.

తరవాత నిర్వాహకులు వీడియో పంపారు. ఇంకో పడవలోంచి తీసింది. మీరు ఆపడానికి ముందు, నేను ఒడ్డు వైపు ఈదడంలేదు. ఒడ్డుకి వీపు పెట్టి, సరస్సు నడిమధ్యకి ఈదుతున్నాను. మీ పడవ నా చుట్టూ తిరిగి అడ్డం వస్తోంది. మీరు వంగి నా మొహంలోకే చూస్తున్నారు, అందుకే నేను ఎటు తిరిగానో మీ ఉత్తరంలో లేదు. నాకు ఆ పడవ అడ్డం రావడం గానీ, మలుపు గానీ గుర్తులేదు. తిన్నగా పోతున్నానని ప్రమాణం చేసి చెప్పేదాన్ని. అది చూశాక పక్కన పడేసిన మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను.

ఆ మాట అన్నానని నాకు గుర్తులేదు. అనలేదని మాత్రం రాయను. మీరు చూశారంటే అన్నాను. మీ అనుమానానికి జవాబు నా దగ్గర ఉంది, తీసుకోండి. గుడారంలో వేడి తగిలాక మనిషి తిట్టగలదు. నీళ్ళలో ఉన్న మనిషికి తిరిగిపోయే దారి తెలియలేదు. మీరు తొందరపడలేదు.

ఈ డిసెంబరుకి మళ్ళీ పేరిచ్చాను. మీ తమ్ముడికి చెప్పాను. ఆయన "అక్క ఉంటేనే" అన్నారు. నాదీ అదే మాట. పడవలో ఇంకెవరు కూర్చున్నా నేను దిగను. ధైర్యం చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. బొటనవేలు ఎత్తినా నన్ను నమ్మని మనిషి నాకు కావాలి.

వస్తారా?

ధరణి


మాచర్ల,
2 మార్చి 2025.

ధరణికి వదిన దీవెనలు.

నీ ఉత్తరం మీ అన్నయ్యగారికి చదివి వినిపించాను. ఆయనేమన్నారో ఆయనకే తెలుసు, నేను కాగితం మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తానని తెలుసు.

వేళ్ళకి నువ్వులనూనె కాచి రాయి. గుండీలు నువ్వే పెట్టుకో, తమ్ముడు పెడతానన్నా వద్దను. పని చేస్తేనే పట్టు వస్తుంది. మా కొట్టులో సూదిలో దారం ఎక్కించే పని చానా ఉంది, కావాలంటే వచ్చి నాలుగు రోజులుండు.

ఆ నీళ్ళ గురించి నేను ఆలోచించాను. నీకు మూడో విడతలోనే వేళ్ళు విచ్చుకున్నాయి. నేను చూశాను, వదిలేశాను. ఈసారి వేళ్ళు విచ్చుకోగానే ఆపి, ఒకసారి కాదు, రెండుసార్లు అడుగుతాను. ఊళ్ళ పేర్లు మార్చాలి, అవి నీకు కంఠతా వచ్చేశాయి, బుర్ర పనిచెయ్యకపోయినా నోరు కొంతదూరం లాక్కుపోతోంది. ఏమడుగుతానో ముందు చెప్పను.

ఇంకోమాట. పోయినసారి ఒడ్డు కనపడే దూరంలో తీయించాను. ఈసారి నీ మాట తడబడితే ఒడ్డు చేతికందే దూరంలో ఉన్నా తీయిస్తాను. నువ్వు తన్నినా, గీరినా, నన్ను "నువ్వు" అన్నా, ఇంకేమన్నా సరే. ఆ తరవాతి ఏడు మళ్ళీ పోదాం. నీ ఒంట్లో ఓపిక ఉన్నన్నేళ్ళూ నేను పడవ ఎక్కుతాను. కానీ నిన్ను తెచ్చినట్టే ఇంటికి తీసుకుపోతాను.

ఇది ఒప్పుకుంటే టిక్కెట్లు తీయి. పోయినసారి పై బెర్తు ఎక్కలేక చచ్చాను. నాకు కింది బెర్తు.

నీ వదిన,
సుభాషిణి